చిటికెన వేలు తప్ప

తెలుగులో ‘నరం’ అనే మాటతో ఒక చిక్కుంది. చేతి మీద ఉబ్బి కనబడే రక్తనాళాన్ని నరం అంటాం. మెదడు నుంచి వేలికొసల దాకా కబుర్లు మోసేదాన్నీ నరమే అంటాం. మెడ తిప్పలేకపోతే పట్టేసిందీ నరమే, నిజానికి అక్కడ పట్టేసింది కండరమైనా సరే. ఇక బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత’ అని రాసి ఉంటే అది ఏ బలహీనతో చదివినవాళ్ళందరికీ తెలుసు. అందువల్ల మా అమ్మ పాతికేళ్ళ పాటు “చేతి నరాలు గుంజుతున్నయి, చెయ్యి మొద్దువడుతున్నది” అని చెప్తూ వచ్చినా మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు దాన్ని తనకు తోచిన అర్థంలో తీసుకుని బలం సూది వేసి పంపేవాడు. ఎర్రటి బీకాంప్లెక్స్ సూది. అది ఎక్కితే నోట్లో కూడా ఏదో వాసన వచ్చేది, దాంతో మందు పనిచేస్తున్నదనే నమ్మకం కుదిరేది.

అమ్మ చెప్పింది మాత్రం అచ్చంగా నరం గురించే. దాని పేరు మీడియన్ నరం. మెడ దగ్గర బయల్దేరి, జబ్బ లోపలి వైపు నుంచి దిగి, ముంజేతి మధ్యగా వచ్చి, మణికట్టు దగ్గర ఒక ఇరుకు దారిలో దూరి అరచేతిలోకి వస్తుంది. ఆ ఇరుకు దారినే కార్పల్ టన్నెల్ అంటారు. అడుగున, పక్కల ఎనిమిది చిన్న ఎముకలు గిన్నెలాగా ఒంపు తిరిగి ఉంటాయి. పైన మూతలాగా గట్టి లిగమెంటు. ఆ సందులోంచి వేళ్ళను ముడిచే తొమ్మిది టెండన్లు, వాటితోబాటు ఈ నరం, మొత్తం పది పోవాలి. మా కామారెడ్డి షేర్ ఆటో లాంటిదే. పదిమందీ ఎలాగో సర్దుకుని కూర్చుంటారు, ఒక్కరు కాస్త లావెక్కారా, అందరిలోకీ మెత్తనివాడు నలిగిపోతాడు. టెండన్ల చుట్టూ ఉండే పొర మందమైనా, కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో నీరు చేరినా, థైరాయిడ్ తగ్గినా, షుగర్ ఉన్నా ఈ ముప్పు ఎక్కువ. ఎముక జరగదు, లిగమెంటు సాగదు. నలిగేది నరమే.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలిలో బొటనవేలి వైపు సగం, ఇంతవరకే ఆ నరం ఏలుబడి. ఉంగరం వేలిలో మిగతా సగం, చిటికెన వేలు వేరే నరానివి. ఆ నరం ఈ సొరంగంలోంచి పోదు. అందుకని ఈ జబ్బు గుర్తుపట్టడం పెద్ద కష్టమేమీ కాదు. అర్ధరాత్రి దాటాక చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తుంది, లేచి కూర్చుని విదిలిస్తే తగ్గుతుంది, చిటికెన వేలికి మాత్రం ఏమీ ఉండదు. మా అమ్మకు ఏ పుస్తకమూ తెలియదు. ఎక్కడెక్కడ తిమ్మిరి అని అడిగితే మూడు వేళ్ళు చూపించి, ఉంగరం వేలి మధ్యలో గోటితో నిలువుగా గీత గీసి “గిక్కడి దాంక” అంది.

అమ్మ బీడీలు చేసేది. మా ఊళ్ళో బీడీలు చెయ్యని ఆడమనిషిని వెతకాల్సిందే. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, తడిగుడ్డలో చుట్టి పెట్టిన తునికాకు. రేకు ముక్క కొలత పెట్టి కత్తెరతో ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. ఇరవై ఐదుకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. కూలి వెయ్యికి ఇంత అని. అమ్మ రోజుకు ఏడెనిమిది వందలు చేసేది, ఇంట్లో ఏదైనా ఖర్చు మీద పడితే రాత్రి దీపం పెట్టుకుని వెయ్యి పూర్తి చేసేది. ఈ పనిలో కత్తెర పట్టేదీ, ఆకు తిప్పేదీ, మూతి నొక్కేదీ బొటనవేలు, దాని పక్కనున్న రెండు వేళ్ళూ. “పనిజేసే వేళ్ళకే రోగమొచ్చింది, వట్టిగ కూసున్నదానికి ఏం గాలె” అనేది అమ్మ, చిటికెన వేలు వైపు చూపిస్తూ. మా నాయనమ్మకు అదంతా వేషంలాగా ఉండేది. చేతిలోంచి స్టీలు గ్లాసు జారి పడిందంటే ఆ రోజు ఇంట్లో జరగాల్సిన రభస జరిగేది.

నాయనమ్మను ఒక్కదాన్నే అనుకోవడం కూడా న్యాయం కాదు. రాత్రిళ్ళు చేతులు మొద్దుబారే రోగుల గురించి 1880లోనే బోస్టన్‌లో జేమ్స్ పుట్నమ్ అనే డాక్టరు రాశాడు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు తప్పంతా మెడలో ఉందనుకుని, కొందరికి మెడ దగ్గర అదనంగా ఉండే పక్కటెముకను తీసేశారు కూడా. 1933లో మేయో క్లినిక్ సర్జన్ లర్మంత్ మణికట్టు లిగమెంటు కోసి నరానికి చోటు చెయ్యడం గురించి ప్రకటించాడు. 1950 నుంచి దీన్ని డాక్టర్లందరికీ తెలిసేలా చేసింది క్లీవ్‌లాండ్‌లో పనిచేసిన జార్జ్ ఫాలెన్. రెండు మణికట్లూ కిందికి వంచి ఒక నిమిషం ఉంచి చూసే పరీక్ష ఆయన పేరు మీదే ఉంది. ఇంత చేసిన ఫాలెన్ ఒక్క విషయం మాత్రం ఒప్పుకోలేదు. తన రోగుల్లో ఎక్కువమంది ఇంటిపట్టున ఉండే నడివయసు ఆడవాళ్ళు కాబట్టి ఈ జబ్బుకూ చేసే పనికీ సంబంధం లేదని ఆయన వాదన. ఇంటిపని పని కాదన్నమాట. 

నేను అదే ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్‌లో, అల్ట్రాసౌండ్ టెక్నాలజిస్టుగా ఇరవై ఏళ్ళ నుంచి పనిచేస్తున్నాను. ప్రోబ్ పట్టుకునే తీరు చూస్తే కత్తెర పట్టుకున్నట్టే ఉంటుంది. బొటనవేలికీ రెండు వేళ్ళకీ మధ్య బిగించి, మణికట్టు వంచి, లావుపాటి పొట్టల మీద ఒత్తి పట్టాలి. జెల్ వల్ల జారుతుంటుంది కాబట్టి ఇంకాస్త బిగించాలి. ఒక్కో స్కానుకు అరగంట, రోజుకు పదో పన్నెండో స్కాన్లు. ఈ ఉద్యోగంలో భుజమో మెడో మణికట్టో ఏదో ఒకటి పాడవకుండా రిటైరైనవాళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు. నలభై ఏడో ఏట నా కుడిచేతికి ఆ వంతు వచ్చింది.

మొదట అందరికీ చెప్పేదే చెప్పారు. రాత్రి పట్టీ కట్టుకుని పడుకోవడం, తర్వాత స్టెరాయిడ్ సూది. సూది నాలుగు నెలలు బ్రహ్మాండంగా పనిచేసి, ఐదో నెలలో మొహం చాటేసింది. కరెంటు పెట్టి నరం ఎంత వేగంగా పలుకుతుందో చూసే పరీక్షలో నరం నెమ్మదించిందని తేలింది. నా నరాన్ని నా సహోద్యోగి స్కాన్ చేసింది. సొరంగం ముఖద్వారం దగ్గర నరం కోత వైశాల్యం పది చదరపు మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలని మాకు లెక్క. నాది పదహారు. గట్టు కట్టిన కాలువలాగా దారికి ముందు ఉబ్బి, దారిలో చదునుగా నలిగి ఉంది. నొప్పి కంటే నన్ను భయపెట్టింది వేరే. ప్రోబ్ ఎంత గట్టిగా ఒత్తుతున్నానో వేళ్ళకు తెలియకపోతే ఈ పని ఎవరూ నాకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఆపరేషన్ అంటే ఏ పద్ధతైనా చేసేది ఒక్కటే, ఆ మూతలాంటి లిగమెంటును అడ్డంగా తెగ్గొట్టడం. పాత పద్ధతిలో అరచేతి మొదట్లో రెండు మూడు సెంటీమీటర్లో, ఇంకొంచెం ఎక్కువో కోసి, కళ్ళతో చూస్తూ పొర తర్వాత పొర విప్పుకుంటూ పోయి లిగమెంటు కోస్తారు. 1980ల చివర్లో జపాన్‌లో ఒకుట్సు, అమెరికాలో చౌ చిన్న గాటు పెట్టి గొట్టం లాంటి కెమెరా లోపలికి పంపే పద్ధతి తెచ్చారు. కెమెరా తన ముందున్నది చూపిస్తుంది, గోడ అవతల ఉన్నది చూపించదు. అల్ట్రాసౌండ్‌తో చేసేదాంట్లో చర్మం పైనే ప్రోబ్ పెట్టి, లోపలున్న నరమూ టెండనూ రక్తనాళమూ అన్నీ ఒకేసారి చూస్తూ, నాలుగైదు మిల్లీమీటర్ల గాటులోంచి పరికరం దూర్చి పని కానిస్తారు. 

చూడాల్సింది ఎందుకంటే, అక్కడ తగలకూడనివి చాలా ఉన్నాయి. మీడియన్ నరం నుంచి బొటనవేలి మొదట్లోని కండకు ఒక చిన్న కొమ్మ వెళ్తుంది. మామూలుగా అది లిగమెంటు దాటాక విడిపోతుంది, కొందరిలో లిగమెంటు కిందే విడిపోతుంది, ఇంకొందరిలో లిగమెంటును తొలుచుకునే పోతుంది. అది తెగితే బొటనవేలు మిగతా వేళ్ళకు ఎదురుగా రాదు. అమెరికన్ సర్జన్లు దానికి పెట్టుకున్న ముద్దుపేరు ‘మిలియన్ డాలర్ల నరం’. రోగి కోర్టుకెక్కితే అయ్యే ఖర్చట. దేన్నయినా డాలర్లలో కొలిచే దేశంలో ఉన్నామని ఇలాంటప్పుడు గుర్తొస్తుంది. ఆ కొమ్మ కాక, చిటికెన వేలి వైపు ఒక ధమని, అరచేతిలో విల్లులాగా వంగిన ఇంకో ధమని. వీటన్నిటి మధ్యా కత్తికి భద్రమైన దారి కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటుంది. 

నేను ఆ పద్ధతే ఎంచుకున్నాను. కారణం గొప్పదేమీ కాదు, తొందరగా పనిలోకి వెళ్ళాలి. 

మత్తు లేదు, చేతికి మాత్రమే సూది. డాక్టరు ముందుగా పావుగంట సేపు ఊరికే స్కాన్ చేస్తూ నా చర్మం మీద పెన్నుతో గీతలు గీసింది. ఇక్కడ నరం, ఇక్కడ కొమ్మ, ఇక్కడ ధమని. నా తల పక్కకే స్క్రీన్ తిప్పి పెట్టమని అడిగాను, సరేనంది. రోజూ ఇతరుల లోపలి భాగాలు చూసి బతికేదాన్ని, నావి చూస్తుంటే మొదట ఏమీ అనిపించలేదు. మీడియన్ నరం అడ్డుకోతలో తేనెపట్టులాగా గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది, అది పాఠం. కానీ మత్తుమందు సూది దిగుతున్నప్పుడు మందు నల్లటి చెరువులాగా పరుచుకుంటూ వెళ్ళి నరాన్ని లిగమెంటు నుంచి మెల్లగా విడదీసింది. ఏళ్ళ తరబడి అతుక్కుని కూర్చున్నది కాస్త కిందికి దిగింది. అప్పుడు మాత్రం కళ్ళు చెమర్చాయి. నర్సు మంట ఎక్కువగా ఉందా అని అడిగింది. ఉన్న మాట నిజమే, ఆ సూది బాగా మండుతుంది.

మణికట్టుకు కొంచెం పైన గాటు. దాంట్లోంచి పెన్సిల్ కంటే సన్నటి పరికరం లోపలికి పోయింది. దాని రెండు వైపులా చిన్న బెలూన్లు ఉబ్బి, నరాన్ని ఒక పక్కకీ ధమనిని ఒక పక్కకీ నెట్టి పెట్టాయి. సంతలో పోలీసు చేతులు చాపి జనాన్ని ఆపినట్టు. అప్పుడు మధ్యలోంచి చిన్న కత్తి పైకి లేచి, అరచేతి వైపు నుంచి మణికట్టు వైపు లిగమెంటును కోసుకుంటూ వచ్చింది. నొప్పి లేదు. ముదురు బెండకాయ కోస్తున్నప్పటి గరగర లాంటిది మాత్రం ఎముకల్లోకి తెలిసింది. స్క్రీన్ మీద తెల్లటి పట్టీ రెండుగా విడిపోయి అంచులు దూరమయ్యాయి. ఇంకా ఏ పోగైనా మిగిలిందేమోనని డాక్టరు పరికరం కొనతో తడిమి చూసింది. కుట్లు లేవు. ఒక అంటుపట్టీ. అరగంటలో అయిపోయింది, ఇంటికి వచ్చి ఎడమచేత్తో పెరుగన్నం తిన్నాను. ఆ రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది, అలవాటు కొద్దీ. చెయ్యి మొద్దుబారలేదు. 

చిన్న గాటుతో వచ్చే ఇబ్బందీ ఒకటుంది, దాన్ని ఎవరూ ఆపరేషన్ కింద లెక్కపెట్టరు. మా స్నేహితుల్లో ఒకాయన మోకాలి ఆపరేషన్ చేయించుకుంటే ఆరు వారాలు ఇళ్ళ నుంచి క్యారియర్లు వెళ్ళాయి. నాకు అంటుపట్టీ చూసి “ఓస్, ఇంతేనా” అన్నారు. నాలుగో రోజు ఒక సత్యనారాయణ వ్రతంలో పులిహోర గిన్నె నా చేతికి అందించబోయారు. మా ఆయన మంచివాడే, కానీ ఆయన కూడా గాయాన్ని కట్టు సైజుతో కొలిచే రకం. చర్మం మీద గాటు చిన్నది కానీ, లోపల తెగిన లిగమెంటు పెద్ద ఆపరేషన్‌లో తెగినంతే తెగింది. అరచేతి మొదట్లో, రెండు దిమ్మల దగ్గర, నేల మీద చెయ్యి ఆనించి లేస్తే ప్రాణం పోయేంత నొప్పి నాకు ఏడెనిమిది వారాలు ఉంది. నలిగిన నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. వేళ్ళకొసల్లో స్పర్శ పూర్తిగా రావడానికి నాకు దాదాపు ఐదు నెలలు పట్టింది. పాత పద్ధతితో పోలిస్తే ఇందులో లాభం మొదటి కొన్ని వారాల్లోనే ఎక్కువ. పనిలోకి త్వరగా వెళ్తారు, మచ్చ ఉండదు. ఏడాది గడిచాక రెండు రకాల వాళ్ళనూ పక్కపక్కన నిలబెడితే పెద్ద తేడా ఉండదు. అయితే రోజుకూలీకి ఆ మొదటి వారాలే సర్వస్వం, అది వేరే సంగతి. 

అమ్మకు ఉన్నది ఇదేనని చదువుకున్న రోజుల్లోనే చెప్పాను. “కోస్తే చెయ్యి వడిపోతది” అని ఒకసారి, “గిప్పుడేం జేస్తవ్ తియ్” అని ఇంకోసారి, ప్రతి రెండేళ్ళకూ ఈ సంభాషణ నడిచేది. బీడీలు మానేసింది, బీడీ కార్మికుల పింఛను వస్తున్నది, కానీ తిమ్మిరి మానలేదు. ఆపరేషన్ అయిన వారానికి వీడియో కాల్‌లో నా మణికట్టు చూపించాను. ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు వెతికింది. 

“ఏదే?”

“గిదే అమ్మా, గీ గీత.”

“గింతేనా? బియ్యపు గింజంత లేదు గదా. మరి నాకూ చేపియ్యి.”

ఇరవై ఏళ్ళు నేను చెప్పిన ఆరోగ్య పాఠాలన్నీ చెయ్యలేని పని ఆ గింజ చేసింది. అప్పుడే చెప్పాను, నీకు ఇట్లా కాకపోవచ్చు, అరచేతిలో కోస్తారు అని. ఎంత అంది. సగం బీడీ అంత అన్నాను. కాసేపు ఊరుకుని, “సగమేనా” అంది.

ఆ సంక్రాంతికి ఇండియా వెళ్ళేముందు ఒక ఆలోచన వచ్చింది. ఫోనుకు తగిలించుకునే ప్రోబులు వచ్చాయి ఇప్పుడు, జేబులో పడతాయి. అమ్మ మణికట్టు నేనే చూడొచ్చు. కానీ కుదరదు. ఆడపిల్లలను కడుపులోనే చంపుకోవడం ఆపడానికి 1994లో చేసిన చట్టం కింద రిజిస్టర్ కాని చోట అల్ట్రాసౌండ్ యంత్రం వాడటం నేరం, అది అరచేతిలో ఇమిడేదైనా సరే. మణికట్టు కోసమే అంటే కుదరదు. మణికట్టు చూసే యంత్రం కడుపునూ చూస్తుంది. చిరాకు పడాలనిపించింది గానీ, మా ఊరి బడిలో నా తరగతిలో ఎంతమంది ఆడపిల్లలు ఉండేవాళ్ళో, ఆ తర్వాత ఏళ్ళలో ఎంతమంది మిగిలారో మా తమ్ముడు, అదే బడిలో పంతులు, చెప్పి ఉన్నాడు. ప్రోబ్ ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను.

నిజామాబాద్‌లో నరం పరీక్ష చేయించాం. “కరెంటు షాకులు వెట్టిండ్రు, గంత మాత్రానికి పైసలు తీస్కున్నరు” అని అమ్మ దారంతా సణిగింది. రిపోర్టులో తీవ్రం అని ఉంది. దానికి రిపోర్టు అక్కర్లేదు, బొటనవేలి మొదట్లో ఉండాల్సిన కండ దిమ్మ కరిగిపోయి గుంట పడింది. హైదరాబాద్‌లో చేతుల సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. రాత్రి తిమ్మిరి, నొప్పి తగ్గుతాయి, పోయిన కండ తిరిగి రావడం మీద ఆశ పెట్టుకోవద్దు. అల్ట్రాసౌండ్ పద్ధతి గురించి అడిగితే, తాను వందల చేతులకు అరచేతిలో కోసే చేశానని, ఇంతగా ముదిరినదాన్ని కళ్ళతో చూసి చెయ్యడమే తనకు ఇష్టమని అన్నాడు. నాకు ఆ జవాబు నచ్చింది. ప్రోబ్‌తో చేసే పద్ధతి బలమంతా ప్రోబ్ పట్టినవాళ్ళ అనుభవంలో ఉంటుంది, అది యంత్రం కొంటే వచ్చేది కాదు. 

లోపలికి నన్ను రానివ్వలేదు. ఇరవై నిమిషాల్లో అమ్మ చేతికి ఇంత లావు కట్టుతో బయటికి వచ్చింది. ఎట్లుందమ్మా అంటే, “గుడ్డ కప్పిండ్రు, ఏం కనవడలె. వాళ్ళు క్రికెట్ ముచ్చట వెట్టుకున్నరు” అంది. కుట్లు పన్నెండో రోజు విప్పుతామన్నారు. 

మా తమ్ముడి ఇంట్లో అమ్మ పక్కనే పడుకున్నాను. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన రాత్రి శబ్దం ఒకటుంది. చీకట్లో మట్టి గాజులు గలగలమనడం, అంటే అమ్మ లేచి చెయ్యి విదిలిస్తోందని. మొదటి రాత్రి ఆ చప్పుడు కోసం నేను మేలుకునే ఉన్నాను. గాజులు ఆపరేషన్‌కు ముందే తీయించారని తర్వాత గుర్తొచ్చింది. లేచి చూస్తే అమ్మ చెయ్యి దిండు మీద కదలకుండా ఉంది, నోరు తెరిచి గురక పెడుతోంది. తెల్లవారి అడిగితే “నిద్ర వట్టింది” అంది, అంతకు మించి ఏమీ అనలేదు. గుండీ పెట్టుకోవడం ఆమెకు ఇప్పటికీ కష్టమే.

కట్టు చూడటానికి వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చారు. నా బియ్యపు గింజకు ఎవరూ రాలేదు గానీ ఆ కట్టుకు మాత్రం పళ్ళు, బిస్కెట్లు వచ్చాయి. వచ్చిన ప్రతి మనిషీ తన చెయ్యి చాపి, నాకూ గిట్లనే అంది. అందరూ బీడీలు చేసినవాళ్ళే, కొందరు ఇంకా చేస్తున్నవాళ్ళు. నేను నోరు తెరవకముందే అమ్మ వాళ్ళను మణికట్లు వంచి కూర్చోబెట్టి గోడ గడియారం చూస్తోంది. ఎదురింటామె ఐదు వేళ్ళూ చూపించింది.

“అన్నిటికా?” అంది అమ్మ.

“అన్నిటికీ అక్కా.”

“చిటికెన వేలుకు గూడనా?”

ఆమె ఆ వేలిని మడిచి, చాచి, ఇంకో చేత్తో పట్టుకుని చూసింది. “ఏమో. దాన్ని ఎన్నడు వట్టించుకున్న గనుక.”

“ఇయ్యాల రాత్రి లేస్తవ్ గదా, అప్పుడు సూడు. పొద్దుగాల వచ్చి చెప్పు” అంటూ అమ్మ కట్టు చేతిని సర్దుకుని మళ్ళీ దిండు మీద పెట్టుకుంది.